లేని కాలి పని

"బాబాయ్ గారూ, చెయ్యి తీయండి! దాన్ని ముట్టుకోకూడదు!"

గట్టిగా అరవడానికి లేదు, తాబేలు బెదిరిపోతుంది. అందుకని తాబేళ్లకు కాపలా ఉండే అమ్మాయి ఆ కేకంతా గుసగుసలోనే వేసింది.

పెద్దాయన వినిపించుకోలేదు. తడి ఇసకలో బోర్లా పడుకుని, తాబేలు వెనక జానెడు దూరంలో తల, గోతి అంచున చెయ్యి పెట్టి, అది తవ్వుతున్న గోతిలోకి చూస్తున్నాడు. ఆయన అల్లుడు నాలుగడుగుల అవతల నిలబడి ఉన్నాడు. మెడలో కెమెరా, చేతిలో మామగారి చెప్పులు.

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. దారీ తెన్నూ లేని తీరం అది. ఒక పక్క అడవి ఇసక దాకా దిగివచ్చి ఆగింది. ఇంకో పక్క సముద్రం ఏనుగుల మందలా ఘీంకరిస్తోంది. కనుచూపు మేర ఇంకో మనిషి జాడ లేదు. మామా అల్లుళ్లు నిన్నంతా కొంత పడవలో, కొంత కాలినడకన వచ్చి ఇక్కడికి చేరారు.

ఆ తాబేలు నలుగురు కలిసినా ఎత్తలేనంత ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా, బరువు దించుకున్న కూలీలా నిట్టూరుస్తోంది. ఎడమ వెనక్కాలు తెడ్డులా మడిచి దోసెడు ఇసక పైకి తీసి పక్కన పోసింది. తర్వాత కుడికాలి వంతు. ఆ కాలు లేదు. ఏ వలకు చిక్కి తెగిందో, ఏ సొరచేప కొరికిందో, మొండి మాత్రం మిగిలింది. ఆ మొండే గాల్లో వంగింది, తవ్వినట్టు తిరిగింది, పోసినట్టు ఒరిగింది. పని అయిందనుకుని తాబేలు మళ్లీ ఎడమకాలు దించింది. ఈలోగా కుడివైపు గోడ జారి గొయ్యి సగం పూడింది.

"ఇది మూడో గొయ్యి. ముందు రెండూ ఇలాగే కూలాయి," అంది కాపలా అమ్మాయి.

"ఇదీ కూలితే?"

"వెళ్లిపోతుంది. ఆపుకోలేక గుడ్లు నీళ్లలోనే వదిలేస్తుంది."

"నీళ్లలో బతుకుతాయా?"

"ఒక్కటీ బతకదు."

"మరి చూస్తూ ఎలా ఊరుకుంటావు తల్లీ?"

"రూలు బాబాయ్ గారూ. సాయం చెయ్యకూడదు, అడ్డమూ రాకూడదు. పదకొండేళ్లుగా గుండె రాయి చేసుకుని చూస్తున్నాను."

"మామయ్య గారూ, లేవండి," అన్నాడు అల్లుడు. "ఆవిడ అంతగా చెబుతున్నారు కదా. కేసు పెడితే మీతోపాటు నన్నూ లోపలేస్తారు."

తాబేలు ఎడమకాలు పైకొచ్చింది. మొండి గాల్లోకి లేచింది. సరిగ్గా అప్పుడు పెద్దాయన చెయ్యి గోతిలోకి దిగింది. చేరెడు ఇసక తీసి పక్కన పోసింది. మొండి ఒరిగేసరికి చెయ్యి బయట ఉంది.

ఎడమకాలు. చెయ్యి. ఎడమకాలు. చెయ్యి.

కాపలా అమ్మాయి ఆయన భుజం పట్టుకుని లాగబోయి ఆగిపోయింది. తాబేలు బెదరలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. లేని కాలు తిరిగి వచ్చినట్టే తన పాటికి తాను తవ్వుకుంటోంది. ఆయన చెయ్యి ఒక్కసారి కూడా ముందు పడలేదు, వెనక పడలేదు. గోడను అరచేత్తో అదిమి నిలబెడుతూ, అడుగున వెడల్పు చేస్తూ, మూతి సన్నంగా ఉంచుతూ పోయాడు. గొయ్యి మోచెయ్యి దాటింది. భుజం దాకా వచ్చింది. ఒక్క గుప్పెడు ఇసకయినా లోపలికి జారలేదు.

ఎప్పుడు మోకాళ్ల మీద కూర్చుందో, కాపలా అమ్మాయి కూడా అంచున జారబోయే పొడి ఇసకను రెండు చేతులా ఆపుతోంది.

తాబేలు కదలడం మానేసింది. ఒళ్లంతా ఒక్కసారి బిగిసింది. మొదటి గుడ్డు తెల్లగా, గుండ్రంగా, జిగటగా మెరుస్తూ గోతిలోకి జారింది. తర్వాత రెండు. తర్వాత లెక్క లేదు. దాని కళ్లనుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. అల్లుడి చేతిలోని చెప్పులు ఎప్పుడో కింద పడ్డాయి. మెడలో కెమెరా ఉన్న సంగతే అతనికి గుర్తు రాలేదు.

గొయ్యి పూడ్చేటప్పుడు కూడా కుడివైపు ఇసక పెద్దాయనే నెట్టాడు. పొద్దు పొడిచేవేళకి తాబేలు ఈడ్చుకుంటూ నీళ్లలోకి వెళ్లింది. ఒక అల వచ్చి దాన్ని ఎత్తింది. అంతసేపూ ఇసకలో బండరాయిలా కదలలేకపోయిన ఆ జీవి, రెక్కలొచ్చినట్టు ఒక్క ఊపున మాయమైంది.

పెద్దాయన లేచి నిలబడి, పూడ్చిన గోతివైపు తిరిగాడు.

"ఎన్నాళ్లకి పైకొస్తాయి తల్లీ?"

"యాభై అరవై రోజులు పడుతుంది. రాత్రికి రాత్రి ఇసక పగులుతుంది. వందమంది పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చేస్తారు."

"పైకే వస్తారు కదా? నిజంగానే?"

"నిజంగానే బాబాయ్ గారూ." ఆమె చేతులకంటిన ఇసక దులుపుకుంది. "పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఎంతోమంది ఇక్కడికొచ్చి పరిశోధనలు చేశారు. ఇంత ఒడుపుగా గొయ్యి తీసినవాళ్లను నేను చూడలేదు. మీరేం పని చేస్తుంటారు?"

"మునిసిపాలిటీలో ఉద్యోగమండీ, పర్మనెంటు," అన్నాడు అల్లుడు గబగబా.

పెద్దాయన చేతికంటిన ఇసకను దులుపుకోలేదు.

"శ్మశానంలో గోతులు తవ్వుతానమ్మా, ముప్పై ఎనిమిదేళ్లుగా," అన్నాడు. "పూడ్చిపెట్టింది ప్రాణంతో తిరిగొచ్చే చోటు ఒకటుందని ఎవరో చెబితే, చూసిపోదామని వచ్చాను."