వెనక గుమ్మంలోంచి వచ్చినవాడు

రబ్బరు బిళ్ళ మంచు మీదుగా గోలులోకి దూరిపోయింది.

గోల్‌కీపర్ ఆర్విడ్ నిస్కాల దాన్ని చూడనే లేదు. అతని చూపంతా గోలుకు ఓరగా, బల్ల మీద కూర్చున్న కొత్త మనిషి మీద ఉంది.

ఆ మనిషి ఒక కన్ను మూసి, బొటనవేలు గాలిలో నిలిపి, ఆర్విడ్ మొహాన్ని కొలుస్తున్నాడు.

"ఒరేయ్ ఆర్విడ్, నిద్రొస్తే ఇంటికెళ్ళి పడుకో," అన్నాడు శిక్షకుడు బర్గెస్. "మా అత్తగారు కొట్టినా ఆ బిళ్ళ ఇంకాస్త జోరుగా వచ్చేది."

జట్టంతా నవ్వింది. ఆర్విడ్ కూడా నవ్వాడు. నవ్వకపోతే భయం బయటపడుతుంది.

ఉత్తర ఒంటారియో అడవుల నడుమ ఉన్న స్టార్లింగ్ ఫాల్స్ పట్టణానికి ఒక నికెల్ గని, ఒక వీధి, ఒక సామ్రాజ్యం ఉన్నాయి. సామ్రాజ్యమంటే ఊరు జీతాలిచ్చి పోషించుకుంటున్న ఐస్ హాకీ జట్టు. పేరు ‘సామ్రాట్టులు’. పొరుగూళ్ళతో అది చేసిన యుద్ధాలన్నీ చరిత్రకెక్కాయి. చరిత్ర అనగా మంగలి దుకాణం గోడ.

ఆ వంశానికి మూలపురుషుడు తొలి గోల్‌కీపర్ గాడ్‌ఫ్రీ టాల్బట్. కణతకు బిళ్ళ తగిలి మంచు మీదే ప్రాణం విడిచాడు. ఆయన పటం ఆటశాల ముందు గుమ్మంలో వేలాడుతుంది. దాన్ని తాకనిదే ఏ ఆటగాడూ లోపల అడుగు పెట్టడు. ఆ బిళ్ళ కొట్టిన పరాయి ఊరివాడి పేరు మాత్రం ఊరు పలకదు. పలికితే మంచు కరుగుతుందని నమ్మకం.

టాల్బట్ సింహాసనం ఇప్పుడు ఆర్విడ్‌ది: రెండు ఇనుప గుంజలు, ఒక వల. మొహానికి ఏదైనా అడ్డు పెట్టుకోవడం ఆ వంశంలో పిరికితనం కింద లెక్క.

కిందటి నెల బిళ్ళ తగిలి ఆర్విడ్ దవడ చిట్లింది. కుట్లు మానాయి. భయం మానలేదు. బిళ్ళ గాలిలోకి లేచిందంటే చాలు, అతని కళ్ళు వాటంతటవే మూసుకుపోతున్నాయి.

ఆ సంగతి తెలిస్తే కొలువు పోతుంది. కొలువు పోతే మిగిలేది గని. గనిలోకి దిగిన అతని అన్న శవం కూడా పైకి రాలేదు.

కొత్త మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ఈ మధ్యనే రైలు దిగాడు. రోజూ బొగ్గు బస్తాలు దింపే వెనక గుమ్మంలోంచి దొంగలా వచ్చి కూర్చుంటాడు.

"గోల్‌కీపర్లను ఏరుకునే ఏజెంటై ఉంటాడు," అన్నాడు కెప్టెన్ డుక్వెట్. "నీ చోటికి ఇంకొకణ్ణి తెస్తాడు చూడు."

"శవపేటికలు చేసేవాడేమో," అన్నాడు పక్కవాడు. "కొలతలు అందుకే."

ఆ సాయంత్రం ఆర్విడ్ స్కేట్లు విప్పుకుంటుండగా ఆ మనిషి దగ్గరకొచ్చాడు.

"బాబూ, కాస్త కదలకుండా ఉంటావా? ఆ దవడ చూడాలి."

"ఎందుకు?"

మైనం వాసన వేసే వేళ్ళు అతని చెంప ఎముకను తడిమాయి.

"బిళ్ళ వచ్చేటప్పుడు కళ్ళు మూసేస్తున్నావు," అన్నాడు మెల్లగా.

ఆర్విడ్ ఆ చెయ్యి తోసేశాడు.

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు. భయపడటం తప్పు కాదు బాబూ. శనివారం ఆట దాకా ఓపిక పట్టు..."

మిగతాది ఆర్విడ్ వినలేదు. నేరుగా బర్గెస్ దగ్గరకు వెళ్ళాడు.

"గురువుగారూ, ఆ ముసలాడు అవతలి జట్టు వేగు. మన ఎత్తులన్నీ చూసిపోతున్నాడు."

నిజం కనిపెట్టడానికి సామ్రాజ్యాలకు ఏళ్ళు పడుతుంది. వేగును కనిపెట్టడానికి క్షణం చాలు. ఇద్దరు ఆటగాళ్ళు ఆ మనిషిని రెక్కలు పట్టి ముందు గుమ్మం వైపు ఈడ్చారు.

"అటు వద్దయ్యా," అని బతిమాలాడు. "వెనకనుంచే పోతాను."

"దొరగారికి రాజమార్గం పడదట," అన్నాడు డుక్వెట్.

టాల్బట్ పటం కిందికి రాగానే ఆ మనిషి టోపీ తీసి తల దించుకున్నాడు. అలాగే బయటి మంచులోకి తోసేశారు.

చాలా రోజుల తరవాత ఆ పూట ఆర్విడ్ కడుపునిండా తిన్నాడు.

శనివారం అవతలి జట్టు కొట్టిన బిళ్ళ గాలిలోకి లేచింది. ఆర్విడ్ కళ్ళు మూసుకున్నాడు. కనురెప్ప బిళ్ళను ఆపలేకపోయింది.

ఎడమ కన్ను ఇక లేదని చెప్పి ఆస్పత్రి డాక్టరు వెళ్ళిపోయాడు. మిగిలిన కంటికి మంచం పక్కన ఇడా టాల్బట్ కనిపించింది. గాడ్‌ఫ్రీ భార్య; స్టేషనుకు ఎదురుగా బస ఇల్లు నడుపుకుంటుంది. ఒళ్ళో ఒక గుడ్డ మూట ఉంది.

"మా ఇంట్లో దిగినాయన నీకిమ్మన్నాడు. ఆటకు ముందే ఇద్దామని వచ్చాడట. వెనక గుమ్మానికి తాళం వేశారట కదా."

మూటలో తోలు ముసుగు. కళ్ళ చుట్టూ సన్నని ఇనుప కమ్మీలు. ఆర్విడ్ దాన్ని కట్టు మీదే మొహానికి ఆనించుకున్నాడు. దవడ మీది మచ్చ దగ్గర కూడా ఎక్కడా ఒరుసుకోలేదు. కళ్ళకు రెండు కంతలున్నాయి. ఒకటి ఇక అక్కర్లేదు.

"గుర్రపు జీనులు కుడతాడట," అంది ఇడా. "చలికాలం వస్తే మాత్రం ఊరూరా తిరిగి గోల్‌కీపర్లకు ఇవి కుట్టి ఇస్తాడట. పెట్టుకునేవాళ్ళకంటే తరిమేసేవాళ్ళే ఎక్కువమ్మా అని నవ్వాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆట మొదలుకాకుండానే రైలెక్కాడు."

"ఇంతకీ ఎవరమ్మా ఆయన?"

ఇడా ముసుగు అంచును నిమిరింది.

"వచ్చిన రోజే మా గడప బయట నిలబడి చెప్పాడు నాయనా. లోపలికి రమ్మనడానికి నాకు మనసొప్పేసరికి పొద్దుగూకింది," అంది. "మా ఆయనకు తగిలిన ఆ బిళ్ళ కొట్టినవాడు."