బాతు గొంతుకు సరిపడ్డ పాట

అడవి నాటకాల్లో పాట చివర రాగం తీయాల్సిందే. అది ఎంత సాగితే అంత గొప్ప. (నెమళ్లు మాత్రం వేషాలు చూసిపోవడానికి వస్తాయి. వాటి సంగతి ఇప్పుడెందుకు!)

బిడ్డ తప్పిపోయిన తల్లి వేషం బాతుది. ఆమె కన్నెత్తి చూస్తే నక్కలు కూడా ముక్కు చీదేవి. గొంతే, కాస్త పైకి వెళితే పగిలిపోయేది.

“ఈసారి పగిలిందో, వేషం కోయిలకిచ్చేస్తాను,” అన్నాడు నాటకం ఆడించే కొంగయ్య.

బాతు వెళ్లి పాటలు కట్టే గిజిగాడి ముందు ఏడ్చింది.

“ఏడుపు తరవాత పిన్నీ. ముందు నీ పిల్లల్ని ఇంటికి పిలు, వింటాను,” అన్నాడతను.

ఆమె రోజూ పిలిచినట్టే పిలిచింది. ఆ పిలుపులో పలికిన స్వరాలతోనే గిజిగాడు పాటంతా కట్టాడు. రాగం తీయాల్సిన చోట ఒక్క పిలుపు పెట్టాడు.

నాటకంలో ఆ చోటు వచ్చింది. అందరూ రాగం కోసం మెడలు చాచారు.

“రా నాన్నా!” అని పిలిచి బాతు ఆగిపోయింది.

చప్పట్లు లేవు. తీరా చూస్తే, బిడ్డ వస్తున్నాడేమోనని అందరూ వెనక్కి తిరిగి దారివైపు చూస్తున్నారు.

తెర పక్కన కొంగయ్య కోయిలను అడిగాడు: “నువ్వు ఇంతకన్నా బాగా పాడతావు కదే?”

“పాడగలను బాబాయ్, పిలవలేను. నా పిల్లల్ని నేనెప్పుడు పిలిచాను గనక!”