మెచ్చుకున్న బొమ్మలు

"ఎంత బాగున్నాయే నీ బొమ్మల అట్టలు!" అంది లోసా, కావాలనే.

ఒకరు మెచ్చుకున్నాక ఆ వస్తువు దాచుకోవడం సమోవాలో మర్యాద కాదు. "ఇక ఇవి నీవే అక్కా, తీసుకో," అంది మొన్నమొన్ననే పనిలో చేరిన సెఫినా.

కథల పుస్తకాలమ్మి, ఆ రాబడితో పల్లెల్లో చదువు చెప్పే ఆ చిన్న సంస్థలో లోసా ఆరేళ్లుగా ఉంది. అయినా పాఠం వేళకు పిల్లలంతా సెఫినా చాప మీదే! లోసాకు ఒళ్లు మండేది.

ఇవాళ తన చాప నిండా అట్టలు పరిచింది.

అవతల సెఫినా వట్టి చేతులు చాపింది. "నా బొమ్మలు పోయాయర్రా! సొరచేపెలా ఉంటుందో ఎవరు చేసి చూపిస్తారు?"

"నేనూ! నేనూ!" పిల్లలు అటే ఎగబడ్డారు.

ఒక్క చిన్నది లోసా ముందు ఆగింది. "అత్తా, ఈ సొరచేప ఎంత బాగుందో!"

లోసా మొహం వెలిగింది. అట్ట ఇవ్వక తప్పలేదు.

అందుకుని, సెఫినా దగ్గరికే పరుగెత్తింది పిల్ల.

మెచ్చుకుని తెచ్చుకోలేనిదేదో సెఫినా చాప మీదే ఉండిపోయిందని లోసాకు అప్పుడు తెలిసింది.