చేతనైతే రాండి

"ఆ మాట అనింది ఎవుడ్రా? ముందుకు రాండి."

శివప్ప గొంతుకు వంక రెండు గట్లూ దద్దరిల్లాయి. ఆయన వెనక దిగువపల్లె మగవాళ్ళంతా ఉన్నారు, మనిషికో గడ్డపారతో. ఎదురుగా వంకకు అడ్డంగా నడుమెత్తు రాతికట్ట. ఆ వేసవిలోనే మిట్టపల్లె వాళ్ళు గుట్ట మీది రాళ్ళు దొర్లించుకొచ్చి పేర్చుకున్న కట్ట అది. దాన్ని పీకి పారేస్తే గానీ శివప్పకు ఈ పూట ముద్ద దిగదు.

దిగేదెట్లా? పొద్దున్నే గాజులమ్మే ఫకృద్దీన్ నెత్తిన గంప దించకుండానే మిట్టపల్లె కబురు అప్పజెప్పాడు. "మీ నీళ్ళు ఆపేసినాము. చేతనైతే గడ్డపారలు ఎత్తుకోని ఊరంతా రాండి." వినగానే శివప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మిట్టపల్లె మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేమెవురమూ అన్లేదప్పా," అని గొణిగాడొకడు.

"అనేదానికి మొగోళ్ళు, ఒప్పుకునేదానికి కాదా?" అని శివప్ప పక్కకు ఉమ్మేశాడు.

కట్ట పక్కన కూర్చున్న సుబ్బరత్నమ్మ అప్పుడు లేచింది. మేకలు కాసుకునే మనిషి. మిట్టపల్లెలో ఈ కట్టకు మొదటి రాయి ఎత్తింది ఆమేనని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"ఏమన్నా, అంత కోపం? ఈ రాళ్ళు నీకేం చేసినాయి?"

"ఏం చేసినాయా? ఆ గుట్ట మింద చుక్క పడితే ఈ వంకలోకి రావల్ల. వంక మా చెరువులోకి రావల్ల. మా తాతల నాటి దోవ అది. నడాన రాళ్ళేసి మా నోట్లో మన్ను కొడితిరి."

"మరి కట్ట లేనప్పుడు మీ చెరువు నిండిందా?"

నిండలేదు, అది శివప్పకూ తెలుసు. వానలు మొహం చాటేసి ఏళ్ళయింది. పడ్డ ఒకటీ అరా కూడా ఎర్రగా ఉరికొచ్చి, తెగిన చెరువుకట్ట దాటి చిత్రావతి ఏటి దారి పట్టాయి. ఊరికి ఎగువన ఆయన నాయన తవ్వించిన బావి కూడా ఎండిపోయింది. గొడ్లు పడకుండా శివప్పే దాని నోటికి తుమ్మకంప కొట్టించాడు. ఆ రోజు ఏడ్చాడు కూడా, దాచేదేముంది. ఇప్పటికే సగం ఊరు మూటలు కట్టుకుని గోరంట్లలో బెంగుళూరు బస్సెక్కింది. ఈ ఏడు కూడా నీళ్ళు లేకపోతే ఇక దిగువపల్లె అనే ఊరే ఉండదు.

"మొన్న వానకి ఈడ నిండా నీళ్ళు నిలిచినాయంట గదా. యాడ దాచినారు?" అన్నాడు. కట్ట వెనక చూస్తే బురద తప్ప ఏమీ లేదు.

"భూమి తాగేసినాదన్నా."

"ఇంగేం, మీకూ లేక, మాకూ లేకపాయె. పీకండ్రా."

"పీకుదురులే. ఎండనపడి వచ్చినారు, ముందు గుక్కెడు నీళ్ళు తాగు." సుబ్బరత్నమ్మ కడవలో చెంబు ముంచి చేతికిచ్చింది. కొట్లాటకు వచ్చినవాడైనా సరే, ఇచ్చిన నీళ్ళు కాదనడం ఆ సీమలో లేదు.

శివప్ప గడగడా తాగుతూ సగంలో ఆగిపోయాడు. ఇంకో గుక్క నోట్లో పోసుకుని మెల్లగా మింగాడు. చల్లటి తియ్యటి నీళ్ళు, చివర్న నాలుక మీద రవ్వంత సున్నపు వగరు. ఈ రుచి ఆయనకు బుద్ధెరిగిన నాటి నుంచీ తెలుసు.

"ఈ నీళ్ళు యాడివి?"

"మీవే. మీ నాయన తవ్విచ్చిన బాయివి. తెల్లారుతూనే కంప పక్కకి లాగి చేదుకొస్తిని."

"ఎండిన బాయిలో నీళ్ళేంది? ఎగతాళా?"

"ఉరికే నీళ్ళే నీళ్ళనుకుంటివి నువ్వు. నేలలో నడిచేవి నీకు కనపళ్ళేదు. ఈడ నిలిచి, ఇంకి, మెల్లగా కిందికి నడిచి మీ బాయిలో తేలినాయి. మొన్న మా మేకలు ఆ కంపలో మూతులు పెట్టి కదలకపోతే తొంగి చూస్తిని."

శివప్ప తన వెంట వచ్చిన కుర్రాడు మారెప్ప వైపు చూశాడు. మారెప్ప గడ్డపార పడేసి దిగువకు పరుగెత్తాడు. చాలాసేపటికి వాడు తిరిగొచ్చాడు, తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయి, నవ్వుతూ, ఏడుస్తూ.

"దూకినా అన్నా. మునిగినా. కాళ్ళకి అడుగు అందలేదు."

ఇక చూడాలి ఆ సంబరం. తలగుడ్డలు గాలిలోకి లేచాయి. ఇంతసేపూ బెదురుగా నిలబడ్డ మిట్టపల్లె వాళ్ళను దిగువపల్లె వాళ్ళు వాటేసుకున్నారు. శివప్ప చెంబులో మిగిలిన నీళ్ళు నెత్తిన కుమ్మరించుకున్నాడు. నాయన బావి బతికింది, ఊరు బతికింది, మనిషికి ఇంకేం కావాలి?

కాస్త తెప్పరిల్లాక ఆయనకు పొద్దుటి కబురు గుర్తొచ్చింది.

"ఏమ్మా, ఇంత మంచి సంగతి పెట్టుకోని ఆ పొగరుమాట ఎందుకు అంపించినారు? ఆ మొగోడు ఎవురో ఇప్పుడన్నా చెప్పు."

"మొగోడు కాదన్నా, నేనే." సుబ్బరత్నమ్మ కింద పడున్న గడ్డపార తీసి ఆయన చేతిలో పెట్టి, ఎగువన వంక సన్నబడే చోటు చూపించింది. "బాయిలో నీళ్ళు పడినాయని చెప్పంపింటే ఊరంతా బిందెలు ఎత్తుకోని ఆడికే పోతారు. ఈడ రెండో కట్టకి నాకు గడ్డపారలు కావల్ల గదా."