ఆరో ఏడు తర్వాత

"నీ లెక్కకేమైనా పిచ్చి పట్టిందా?" మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు కంప్యూటర్ తెర మీది గీతను వేలితో పొడిచాడు. "ఐదేళ్లు చేపలు బుద్ధిగా పట్టి, ఆరో ఏడు చెరువు మొత్తం ఊడ్చేస్తోంది. చేపపిల్లల్ని కూడా వదలడం లేదు!"

"పిచ్చేం లేదు బాబాయ్, రెండుసార్లు సరిచూశాను," అంది అన్న కూతురు. ఏటా ఎన్ని చేపలు పడితే సంఘానికి ఎక్కువ లాభమో లెక్కగట్టి చెప్పడం ఆమె ఉద్యోగం.

"అచ్చం మీ నాన్న బుద్ధే! అధ్యక్ష పదవి దిగిపోతూ చెరువు ఊడ్చేసి, ఉత్త నీళ్లు నా చేతిలో పెట్టాడు. అందుకేగా ఆయన గడప తొక్కడం మానేశాను."

ఆమె ఫైల్లోంచి బాబాయ్ దస్తూరీ ఉన్న కాగితం తీసింది.

"ఎన్నేళ్లకి లెక్క కట్టమంటారని అడిగాను. 'నేను ఈ కుర్చీలో ఉండేది ఇంకో ఆరేళ్లు, అంతవరకు చాలు' అని మీరే రాశారు. ఆ తర్వాత నీళ్లలో మిగిలే చేపకి విలువ వెయ్యలేదు. విలువ లేనిదాన్ని లెక్క ఎందుకు వదిలిపెడుతుంది?"

ఆయన కాగితం అందుకుని తన రాత తానే చదువుకున్నాడు.

"అయితే దానికీ ఏదో ఒక ధర వెయ్యి."

"అది నేను వేసేది కాదు బాబాయ్. మీరు చెప్పాలి."

చేప మొప్ప ఎత్తి చూసి చిటికెలో ధర చెప్పే మనిషి, కాగితం మీద ఒక అంకె వేసి కొట్టేశాడు, ఇంకొకటి వేసి అదీ కొట్టేశాడు. చివరికి మెల్లగా అడిగాడు.

"మీ నాన్న దిగిపోయే ముందు, మిగిలే చేప విలువెంతని ఆయన్ని ఎవరైనా అడిగారా అమ్మా?"