వెనక సీటు

సైరన్ మోగించుకుంటూ ఎర్ర మోటార్ సైకిల్ వీధిలోంచి దూసుకుపోయింది.

టైలరమ్మ మెషిన్ ఆపి గుమ్మంలోకి పరుగెత్తింది.

ముందు తన భర్త. వెనక అతని డ్యూటీ జోడీ, ఆమె. ఎప్పటిలాగే.

"మీ ఆయన వెనక సీటు ఖాళీగా ఉండగా నేనైతే ఒక్కరోజూ చూడలేదమ్మా," అంది గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింటి పిన్ని.

"డ్యూటీ పిన్నీ."

"కాదని ఎవరన్నారు? భుజం మీద చెయ్యి కూడా డ్యూటీయే."

టైలరమ్మ మళ్ళీ మెషిన్ ముందు కూర్చుంది గానీ కుట్టు వంకరపోయింది.

పెద్ద ఫైరింజన్ పట్టని ఇరుకు సందుల కోసం వచ్చాయి ఆ బండ్లు. రెండు పక్కలా నీళ్ళ ట్యాంకులు, ఒక చిన్న పంపు, ఇద్దరు మనుషులు. పెద్దది వచ్చేలోగా ఆ ఇద్దరే మంటని అదుపు చెయ్యాలి.

ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అవుతుందని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం భర్త వచ్చి చొక్కా కొక్కేనికి తగిలించాడు. టైలరమ్మ దగ్గరికెళ్ళి వాసన చూసింది.

"మంటలార్పే మనిషి చొక్కాకి పొగ వాసన రాదేమండీ?"

"గాలి అటు కొట్టింది."

"రోజూ అటే కొడుతుందా?"

అతను వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.

"ఆవిడకి బండి తోలడం రాదా?"

"ఎందుకు రాదు?"

"అయితే ఆవిణ్ణే తోలమనండి. మీరు వెనక కూర్చోండి."

అతను ఉయ్యాలలోని పాపని ఎత్తుకున్నాడు. చాలాసేపు దించలేదు.

"కూర్చుంటాలే," అన్నాడు.

కూర్చోలేదు. మర్నాడూ అతనే ముందు, ఆమే వెనక.

ఆ మధ్యాహ్నం ఆమే స్వయంగా షాపుకి వచ్చింది. చేతిలో మణికట్టు దగ్గర కాలిన ఖాకీ చొక్కా.

"కొంచెం అతుకు వేస్తారా వదినా?"

"నేను మీకు వదినని ఎప్పుడయ్యాను?"

ఆమె నవ్వేసి, ఉయ్యాల మీదకి వంగి చూసింది. "అచ్చం నాన్న ముక్కే."

ముక్కు దాకా చూసిందన్నమాట! టైలరమ్మకి ఒళ్ళు భగ్గుమంది.

ఖాకీ గుడ్డకి తెల్లదారం వేసి, కావాలనే వంకరగా అతుకు కుట్టి, విసురుగా ఇచ్చింది.

ఆమె అతుకుని రెండువైపులా లాగి చూసింది. "గట్టిగా ఉంది వదినా, చాలు," అని వెళ్ళిపోయింది.

ఆ 'చాలు' అన్న మాట కూడా టైలరమ్మకి నచ్చలేదు. పాపని చంకనేసుకుని నేరుగా ఫైర్ స్టేషన్‌కి నడిచింది.

"ఆవిణ్ణయినా మార్చండి, ఈయన్నయినా మార్చండి. లేకపోతే నేనూ పాపా ఈ గేటు ముందే కూర్చుంటాం."

ఆఫీసర్ తల గోక్కున్నాడు. "ఉన్నదే తక్కువమంది మనుషులమ్మా..."

బయట బండికి నీళ్ళు నింపుతున్న ఆమెకి అంతా వినబడింది. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"నన్నే వేరే స్టేషన్‌కి వెయ్యండి సార్. దూరమైనా పర్లేదు."

తిరిగి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "వదినా, ఒక్క సంగతి..."

"మీ సంగతులు నాకొద్దు."

ఆమె పాప పాదాన్ని వేలితో తాకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా బదిలీ అయింది. ఆ రాత్రి భర్త కంచం ముందు నుంచి సగంలో లేచిపోయాడు.

బెంగ కాబోలు అనుకుంది టైలరమ్మ. అనుకుని, మళ్ళీ కుళ్ళుకుంది.

పొద్దున్నే కొత్త జోడీ బండి వేసుకుని ఇంటికే వచ్చాడు. మీసాలాయన, పెద్ద మనిషి. భర్త బరువైన కోటు తొడుక్కుని వెనక ఎక్కాడు.

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"ఇన్నాళ్ళకి మా ఆయనకి దర్జాగా వెనక కూర్చునే యోగం పట్టింది అన్నయ్యగారూ!"

"దర్జాయా?" మీసాలాయన నవ్వాడు. "తోలేవాడిదే దర్జా చెల్లెమ్మా. బయట నిలబడి పంపు చూసుకుంటాడు. పైపు పట్టుకుని మంటల్లోకి పోయేది వెనకవాడు. రోజుకొకరం వంతులు వేసుకుంటాం. ఇవాళ ఈయనది."

"మరి ఈయన ఎప్పుడూ ముందేగా..."

మీసాలాయన వెనక్కి తిరిగాడు. "ఇంట్లో చెప్పలేదటయ్యా?"

భర్త హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు.

"పాప పుట్టిన దగ్గర్నుంచి నా వంతుకి కూడా ఆవిడే వెళ్ళింది," అన్నాడు తలెత్తకుండా. "వద్దన్నాను. వినలేదు. చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు."

వాకీటాకీ గరగరమంది. ఏదో సందు, ఏదో గోడౌను.

బండి కదిలింది.

పక్కింటి పిన్ని కిటికీలోంచి తొంగిచూసింది. "ఇప్పుడు చూడు, కంటికి ఎంత చల్లగా ఉందో!"

టైలరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సైరన్ మలుపు తిరిగింది, దూరమైంది, ఇక వినబడలేదు.

తన మొగుణ్ణి ఎగరేసుకుపోతుందని తను కుళ్ళి కుళ్ళి ఏడ్చిన మనిషే, ఇన్నాళ్ళూ రోజూ సాయంత్రం అతన్ని ఇంటికి పంపిస్తూ వచ్చింది.