గేర్లు లేని కారు

"ఇంకో నలుగుర్ని పిలవరా సందానీ!" అన్నాడు జమీందారు, వెనక సీట్లో తమలపాకు నములుతా.

ఆత్మకూరు బజారు మొదట్లోనే కారు ఆగిపోయింది. కొత్త బ్యాటరీ వేయిద్దామంటే వద్దన్నది ఈయనే. చెరువు కింది పాళెం వాళ్లు తోస్తావుండారు. ముసలి తిరుపాలు రొప్పు స్టీరింగు కాడుండే నాకు వినపడతావుండాది.

"ఎంత తోసినా ఇది స్టార్టు కాదు దొరా. గేర్లుండే బండైతే కాస్త తోసి క్లచ్చి వదిలితే అందుకునేది. కొనేనాడే చెప్పినాను" అన్నాను.

"చెప్పినావు. అందుకేరా దీన్ని కొనింది."

నాకర్థం కాలేదు. అద్దంలో చూసినాను. ఆయన అంగళ్ల వాళ్ల దండాలు అందుకుంటా నవ్వుతావుండాడు.

"జమీందారీ పోయిన కాణ్ణించి పల్లకీ ఎత్తమంటే వీళ్లు రామన్నారు. కారాగింది, తొయ్యండంటే మాత్రం సాయమనుకుని పరిగెత్తుకొచ్చినారు." కిటికీలోంచి తల బయట పెట్టినాడు. "తిరుపాలూ! మీ నాయన పల్లకీ మోస్తా అన్నట్టు ఓహోం అనరా!"

తిరుపాలు తల దించుకున్నాడు. చేతులు మాత్రం తీయలేదు.

నాకు రోత పుట్టింది ఆయన మీదే కాదు, నా మీద గూడా. స్టీరింగు పట్టుకుని కూర్చున్న నేను, ఆ పల్లకీకి ముందు బోయీని.

ఈ కారుకుండేది ఒకటే పిడి. దాన్ని కొసదాకా, బండిని కదలకుండా కట్టేసే 'పార్కు' గుర్తు కాడికి నెట్టినాను. టక్కుమని చక్రాలు బిగుసుకున్నాయి.

"ఏమైందిరా?"

"గేర్లు లేని బండి గదా దొరా, నాకేం తెలుస్తాది?" అంటా కిందికి దిగి, ఆయన తలుపు తీసినాను. "దిగండి. మీరూ ఒక చెయ్యెయ్యండి."